మేబెల్ టీచరు మూసిన తరగతి

మారేడ్‌పల్లి క్రైస్తవ సంఘం చేతిలో ఆ రోజుల్లో నాలుగు బడులుండేవి. చర్చి వెనకాల ఎనిమిదో తరగతి దాకా పెద్ద బడి. లాలాగూడ, బోయిన్‌పల్లి, అల్వాల్‌లలో ఒక్కొక్కటీ చిన్నబడి, నాలుగో తరగతితో సరి. నాలుగూ ఆడపిల్లలవే. నాలుగింట్లోనూ చదువు తెలుగులోనే. వీటన్నిటికీ సూపర్‌వైజరు మేబెల్.

మేబెల్‌ది బాపట్ల దగ్గర పల్లె. తండ్రి ఊరూరా తిరిగి బైబిల్ వాక్యం చెప్పేవాడు, చెప్పిన చోటల్లా పిల్లల్ని కూచోబెట్టి ఇసకలో అక్షరాలు దిద్దించేవాడు. కూతుర్ని గుంటూరు పంపించి ట్రెయినింగ్ చేయించాడు. రైల్వే గూడ్సు ఆఫీసులో గుమాస్తాగా ఉన్న ఏసురత్నాన్ని పెళ్ళాడి ఆవిడ సికింద్రాబాద్ వచ్చింది. పొడుగు మనిషి, పెద్ద గొంతు. నడక ఎంత వేగమంటే పక్కన నడిచేవాళ్ళకి ఆయాసం వచ్చేది. పెద్ద బడిలో టీచరుగా చేరిన కొన్నాళ్ళకే, గుంటూరులో తనతో చదువుకున్న రోసమ్మని కూడా రప్పించుకుంది. రోసమ్మ పెళ్ళి చేసుకోలేదు. బడి ఆవరణలోనే ఒక గదిలో ఉండేది. ఆల్జీబ్రా చెప్పడంలో ఆవిడకి సాటి లేరు.

అప్పట్లో పెద్ద బడి కూడా అయిదో తరగతితో ఆగిపోయేది. పిల్లలు అయిదు పూర్తి చేసి ఇంట్లో కూచోవడం చూసి చూసి, స్నేహితురాళ్ళిద్దరూ సంఘం కమిటీ వాళ్ళ వెంటపడి ఆరో తరగతి తెప్పించారు. మరుసటేడు ఏడు, ఆ తర్వాత ఎనిమిది. కొత్త గదికి సున్నం వెయ్యడానికి కూలివాళ్ళు రాకపోతే చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని ఇద్దరూ తామే వేశారు. గోషా ఇళ్ళవాళ్ళు, వర్తకుల ఇళ్ళవాళ్ళు కూడా, బడి వీధి చివరే ఉంది కదా అని ఆడపిల్లల్ని పంపడం మొదలుపెట్టారు.

అల్వాల్ బడి కథ వేరు. అది మొదట్లో పేరుకే బడి. ధాన్యం కొట్టులో పది మంది పిల్లలు, ఒక పంతులమ్మ. నలభై ఎనిమిదిలో రజాకార్ల భయానికి భువనగిరి వైపు పల్లెలనుంచి జనం మూటా ముల్లె నెత్తిన పెట్టుకుని వచ్చేశారు. కొందరు అల్వాల్ తోటల్లో పనికి కుదిరి, తోటల గట్లమీదే గుడిసెలు వేసుకున్నారు. ఆ వేసవంతా లష్కర్‌లో, అంటే సికింద్రాబాద్‌లో, చాలా బడులు మూసేసుకున్నారు. మేబెల్ మాత్రం అల్వాల్ కొట్టు తలుపులు తెరిచిపెట్టించింది. చదువు సంగతి దేవుడెరుగు, పిల్లలు ఒకచోట కూచుని ఇంత గంజి తాగుతారు కదా అనుకుంది. సెప్టెంబరులో ఆకాశంలో విమానాలు తిరిగాయి, తర్వాత సైన్యం దిగింది, పోలీసు చర్య అయిపోయిందన్నారు. వచ్చినవాళ్ళలో సగం మంది తిరిగి ఊళ్ళకి పోలేదు. వాళ్ళ పిల్లలతో కొట్టు కిటకిటలాడిపోయేది.

ఇలా ఉండగా యాభైలో, వేసవి సెలవులు ముగిసే ముందు, కమిటీ అధ్యక్షుడు జకర్యా గారు మేబెల్‌ని పిలిపించారు. ఆయన కంటోన్మెంటు ఆఫీసులో హెడ్డు గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. మెత్తగా మాట్లాడతారు, మాట మాత్రం మార్చరు.

"కూర్చోండి మేబెలమ్మా. సీమ నుంచి, ఇంగ్లండు మిషన్ వాళ్ళు పంపే సొమ్ము ఈ ఏడు సగమే వస్తుందట. ఇంకొన్నేళ్ళకి అదీ ఆపేస్తారట. యుద్ధం తర్వాత వాళ్ళకే గడవట్లేదు. ఇక్కడ కొత్త సర్కారు కూడా ఖర్చు తగ్గించుకునే పనిలోనే ఉంది. తాలీమాత్ దఫ్తరులో విద్యాశాఖ వాళ్ళని అడిగి చూశాను, పెద్ద బడికిచ్చే గ్రాంటు తప్ప పైసా పెంచరు."

"అయితే ఏం చేద్దామంటారు?"

"రెండు బడులు మూసెయ్యాలి. కమిటీలో అందరికీ అల్వాల్, బోయిన్‌పల్లి అని ఉంది. అల్వాల్‌లో ఫీజు రాదు. కొట్టుకి అద్దె కట్టాలి. మన సంఘం వాళ్ళు చూస్తే రెండు ఇళ్ళు. మీరు కూడా అదే రాసిస్తే సరిపోతుంది."

"నాకు కొంచెం గడువివ్వండి. నాలుగు బడులూ మళ్ళీ ఒకసారి చూసొచ్చి చెబుతాను," అంది.

"మీకు తెలియని బడులా అవి?"

"మూసెయ్యాలనుకుని ఎప్పుడూ చూడలేదండీ."

మర్నాటి నుంచే తిరగడం మొదలుపెట్టింది. లాలాగూడ సంగతి తొందరగానే తేలిపోయింది. కార్ఖానా క్వార్టర్స్‌లో రైల్వేవాళ్ళ బడి ఉంది, ఆడపిల్లల్ని కూడా చేర్చుకుంటామన్నారు. తమ బడిలో ఉన్న టీచరు ఎలాగూ ఆ ఏడు రిటైరవుతుంది. బోయిన్‌పల్లిలో ఇంటాయన గది ఊరికే ఇచ్చాడు, అది మూసినా మిగిలేది తక్కువ. అల్వాల్‌కి వెళ్ళేసరికి బడి లేకపోయినా పిల్లలు కొట్టు ముందు ఆడుకుంటున్నారు. తోటలో కలుపు తీస్తున్న పుష్పమ్మ మేబెల్‌ని చూసి, చేతులు చీరకి తుడుచుకుంటూ వచ్చింది. భువనగిరి దగ్గరి ఊరు వదిలి వచ్చినవాళ్ళలో ఆవిడ ఒకతె. కూతురు సత్తెమ్మ రెండో తరగతి.

"టీచరమ్మా, బడి మూస్తరంట గదా?"

"ఎవరన్నారు?"

"అద్దె తీసుకునేటాయనే అన్నడు. కొట్టు ఖాళీ అయితది, ధాన్యం పోసుకుంటనని. నిజమేనా?"

"ఇంకా ఏమీ అనుకోలేదు పుష్పమ్మా."

"అనుకోకుంటె ఆయనకెట్ల ఎరుక?" అంది పుష్పమ్మ. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. "నాకు సదువు రాదు. మా ఊళ్ళె దొర బిడ్డలే సదువుకున్నరు. గీడ నా బిడ్డ పేరు రాస్తున్నది. గిట్ల చెయ్యకుర్రి టీచరమ్మా."

తిరిగి వచ్చేటప్పుడు దారి పొడుగునా మేబెల్ ఖర్చులు మనసులో వేసుకుంటూనే ఉంది. ఎటు తిప్పినా ఒక్కచోటికే వచ్చేది. చిన్న బడులు మూడూ మూసినా మిగలనంత డబ్బు పెద్ద బడి పై తరగతులకే అవుతోంది. ట్రెయినింగైన టీచర్ల జీతాలన్నీ అక్కడే. ఆ తర్వాత పెద్ద జీతం తనది.

ఆ సాయంత్రం ఏసురత్నం వాకిట్లో సైకిలు తుడుచుకుంటున్నాడు. మేబెల్ మెట్టుమీద కూచుని అంతా చెప్పింది. అల్వాల్ మూస్తే ఆ పిల్లలకి ఇంకెక్కడా బడి లేదు. పై తరగతులు తీసేస్తే ఆ పిల్లలకి ఊళ్ళో హైస్కూళ్ళున్నాయి, దూరమైనా ఉన్నాయి. కానీ అందరూ వెళ్తారా? వెళ్ళనివాళ్ళ సంగతేమిటి? రోసమ్మ ఎక్కడికి పోతుంది?

"మీరేమంటారు?" అని అడిగింది.

"ఏం చెయ్యాలో నువ్వు ఎప్పుడో నిర్ణయించేసుకున్నావు," అన్నాడు ఆయన తల ఎత్తకుండానే. "వద్దంటానేమోనని నన్నడుగుతున్నావు. నేననను. నీ జీతం తగ్గితే మనకేం, ఇంకో రెండేళ్ళు ఈ సైకిలే తొక్కుతాను. కానీ రోసమ్మకి కమిటీ ద్వారా తెలియనివ్వకు. నువ్వే వెళ్ళి చెప్పు."

రోసమ్మ బడి తెరవకముందే ఎనిమిదో తరగతి గదిలో కూచుని ఆ ఏటి పాఠాలు నెలలవారీగా విడగొట్టుకుంటోంది. మేబెల్ బల్లమీద ఎదురుగా కూచుంది.

"రోసీ, పై తరగతులు తీసెయ్యాలని కమిటీలో చెప్పబోతున్నా. ఆరు, ఏడు, ఎనిమిది."

రోసమ్మ మొదట నవ్వింది. మేబెల్ ముఖం చూసి నవ్వు ఆపేసింది. "కమిటీ వాళ్ళు తీసెయ్యమన్నారా?"

"లేదు. వాళ్ళు అల్వాల్ మూద్దామన్నారు. ఇది నా మాటే."

"నీ మాటే!" రోసమ్మ లేచి నిలబడింది. "ఈ గోడలకి సున్నం వేసింది మనం కాదుటే? అ ఆలు దిద్దించడానికి ఎవరైనా దొరుకుతారు. ఆల్జీబ్రా చెప్పే ఆడదాన్ని ఈ లష్కర్ అంతా వెతికి తీసుకురా చూద్దాం!"

"ఆల్జీబ్రా కావలసినవాళ్ళకి ఊళ్ళో హైస్కూళ్ళున్నాయి రోసీ. అల్వాల్‌లో అ ఆలు కూడా లేవు."

"ఉన్నాయి, ఉన్నాయి! బస్సెక్కి పోవాలి. మధుసూదన్ గారి సుమిత్రని వాళ్ళ నాన్న బస్సెక్కిస్తాడా? క్లాసులో అందరికంటే ముందుండే పిల్ల. దాని చదువు ఇక్కడితో సరి. దాన్ని ఆపుతున్నది నువ్వేనని తెలుసా నీకు?"

"తెలుసు," అంది మేబెల్. "ఆపుతున్నా."

రోసమ్మకి ఆ జవాబు మింగుడు పడలేదు.

"నువ్వు అల్వాల్ రావచ్చు. గవర్నమెంటు గ్రాంటు రావాలంటే ట్రెయినింగైన టీచరు ఉండాలి," అంది మేబెల్.

"ధాన్యం కొట్టులో కూచుని పలకలు తుడవనా?"

"నేనైతే వెళ్తున్నా."

"నువ్వు వెళ్ళు. అది నీకోసం నువ్వు చేసుకున్న ఏర్పాటు. నాకోసం ఎవరు చేశారు?" అని రోసమ్మ పుస్తకాలు సర్దుకుని తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

కమిటీ ఆదివారం ఆరాధన అయ్యాక కూచుంది. మేబెల్ తాను అనుకున్నది చెప్పింది. లాలాగూడ పిల్లల్ని రైల్వే బడిలో చేర్పించడం, బోయిన్‌పల్లి, అల్వాల్ ఉంచడం, పెద్ద బడిని మళ్ళీ అయిదో తరగతికే పరిమితం చెయ్యడం. ఆవిడ పూర్తి చెయ్యకముందే గదిలో గోల మొదలైంది. పై తరగతుల్లో ఉన్నవాళ్ళలో చాలామంది సంఘం పిల్లలే.

"మా మనవరాలు ఏడో తరగతికి వచ్చింది," అన్నారు జకర్యా గారు. గొంతు పెంచలేదు.

"తెలుసండీ. క్రిందటేడు నేనే పరీక్ష పెట్టాను. బాగా చదువుతుంది."

"మరి?"

"మీరు దాన్ని హైస్కూలుకి పంపిస్తారు. రిక్షా పెట్టగలరు. పుష్పమ్మ కూతురికి రిక్షా పెట్టేవాళ్ళెవరు?"

ఒకాయన గట్టిగానే అన్నాడు. "జీతాలు తగ్గించాలంటూ ఆవిడ జీతం మాట ఎత్తలేదు చూశారా?"

"ఎత్తబోతున్నానండీ," అంది మేబెల్. "మూడు బడులకి సూపర్‌వైజరు ఎందుకు? ముందు ఆ పోస్టు తీసెయ్యండి. నేను టీచరు జీతం మీద అల్వాల్ వెళ్తాను."

దాంతో గోల సద్దుమణిగింది. చేతులెత్తమంటే సగానికి ఒక్క చెయ్యే ఎక్కువ లేచింది. జకర్యా గారు ముందు ఎత్తలేదు. అందరి చేతులూ లెక్కపెట్టుకుని, ఆ ఒక్క చెయ్యీ ఆయనే ఎత్తారు. అయితే ఒక షరతు పెట్టారు. ఏడాది తిరిగేలోపల అల్వాల్‌కి సర్కారు గ్రాంటు రావాలి. రాకపోతే మూసెయ్యాలి. మళ్ళీ మాట ఉండదు.

రోసమ్మ ఆ నెలలోనే బాపట్ల వెళ్ళిపోయింది. అక్కడి మిషన్ బడిలో ఆవిడకి చోటు దొరికింది. స్టేషన్‌లో సామాను ఎక్కించే పని ఏసురత్నం చూసుకున్నాడు. కిటికీ దగ్గర నిలబడ్డ మేబెల్‌తో రోసమ్మ చాలాసేపు ఎండ సంగతి, బండి ఆలస్యం సంగతి మాట్లాడింది. బండి కదలబోతుండగా అంది:

"నీ లెక్క తప్పని అననులే మేబెలూ. కానీ ఆ లెక్క నా మెడమీద పెట్టి కోశావు."

బండి వెళ్ళిపోయాక మేబెల్ ప్లాట్‌ఫారం మీద కూచుని ఏడ్చింది. ఏసురత్నం పక్కన నిలబడి ఓపికపట్టాడు.

మధుసూదన్ గారి దుకాణం మోండా మార్కెట్ దారిలో ఉండేది, ఇత్తడి సామాను. ఇల్లు దుకాణం వెనకే. మేబెల్ వెళ్ళి, సుమిత్రని హైస్కూలులో చేర్పించమని అడిగింది.

"టీచరమ్మా, మీ మీద నాకు చాల ఇజ్జత్ ఉన్నది," అన్నాడు ఆయన కుర్చీ చూపిస్తూ. "మీ బడి గల్లీ చివర్ల ఉండె. గల్లపెట్టె కాడ కూసుంటే బిడ్డ పోవుడు, వచ్చుడు నాకు కనవడుతుండె. ఇప్పుడు బస్సెక్కి పొమ్మంటె ఎట్ల? మొన్న మొన్నటిదాక బయటికి పోవాల్నంటేనే పరేషాన్ ఉండె. ఇంట్ల ఆడోళ్ళు ఒప్పుకోరు."

"రెండేళ్ళ మాట. తనతో పాటు ఇంకో నలుగురు పిల్లల్ని కలిపి..."

"మీరు రోజు ఎంబడి పోతరా?"

పోవడం కుదరదు. పొద్దున్నే అల్వాల్ వెళ్ళాలి. ఆ మాటే చెప్పింది. మధుసూదన్ తల పంకించాడు. ఆయనా బాధపడుతున్నాడని మేబెల్‌కి తెలుస్తూనే ఉంది.

సుమిత్ర మంచినీళ్ళు పట్టుకొచ్చింది. గ్లాసు ఇచ్చి, వెళ్ళకుండా నిలబడింది. "టీచర్, ఆల్జీబ్రా సగంల ఉన్నది. ఇంకో సగం ఏం జేయాలె?"

"ఆదివారం మధ్యాహ్నాలు మా ఇంటికి రా. నాకు రోసమ్మ టీచరంత రాదు. వచ్చినంత చెబుతాను."

కొన్ని ఆదివారాలు ఆ పిల్ల వచ్చింది. తమ్ముణ్ణి తోడు తీసుకుని, పుస్తకం కొంగులో చుట్టుకుని వచ్చేది. ఒక్కోసారి టీచరుకే అర్థం కాని లెక్కని తను చేసి చూపించేది. దసరా తర్వాత రావడం తగ్గింది. సంక్రాంతి లోపలే నిజామాబాద్ సంబంధం కుదిరిందని కబురొచ్చింది. మేబెల్ పెళ్ళికి వెళ్ళింది. పెళ్ళికూతురు దగ్గర నిలబడి ఆశీర్వదించింది. ఇంటికి వచ్చాక ఆ పూట అన్నం తినలేదు. రోసమ్మ అన్న మాట నిజమే. ఆ పిల్లని ఆపింది తనే. అల్వాల్‌లో ఎంతమంది పిల్లలు కూచున్నా ఆ మాట అబద్ధం కాబోదు.

అల్వాల్‌లో పని మాత్రం ఆగలేదు. కొట్టు యజమాని ఖాళీ చెయ్యమంటున్నాడు. పైగా, కిటికీ ఒక్కటైనా లేని కొట్టుని బడి కింద ఒప్పుకునేది లేదని దఫ్తరులో చెప్పేశారు. ఒక మధ్యాహ్నం తల్లిదండ్రులందర్నీ కూచోబెట్టి మేబెల్ ఉన్నదున్నట్టు చెప్పింది. గాలీ వెలుతురూ ఉన్న ఇల్లు కావాలి. సంఘం దగ్గర డబ్బు లేదు. ఏడాది తిరిగేసరికి ఇల్లు లేకపోతే బడి ఉండదు.

చిన్న కూతురు ఒకటో తరగతిలో ఉన్న బ్రహ్మచారి అనే వడ్రంగి గడ్డం గోక్కుంటూ అన్నాడు. "చర్చికి గీడ జాగా ఏమన్న ఉన్నదా?"

"సమాధుల దొడ్డి పక్కన కొంచెం ఉంది."

"అయితె అయిపాయె. తలుపు, కిటికీలు నేను జేస్త. కర్ర మీరు తెప్పిచ్చుర్రి, మజూరీ అడగ."

"సమాధుల పక్కన బడా?" అన్నారు ఎవరో వెనకనుంచి.

"సచ్చినోళ్ళు ఏమన్న లొల్లి చేస్తరా?" అంది పుష్పమ్మ. "బతికినోళ్ళే గదా మనల్ని ఊరిడిసి ఉరికిచ్చింది. మన్ను మేం దొక్కుతం. గోడ మేం లేపుతం. నువ్వు కప్పు సంగతి చూడు టీచరమ్మా."

తోట పనులయ్యాక సాయంత్రాలు మట్టి తొక్కడం షురూ చేశారు. మౌలాలి గుట్టల దగ్గర పనికిరావని పారేసిన రాళ్ళు బండ్లమీద తెచ్చి పునాది వేశారు. మేబెల్ కూడా తట్ట ఎత్తింది. మొదటిరోజు పుష్పమ్మ వద్దని గుంజుకుంది, తర్వాత ఊరుకుంది. కప్పుకి రేకులు కావాలి. ఏసురత్నం గూడ్సు ఆఫీసులో అందర్నీ అడిగి, వేలంలో పాత రేకులు చవగ్గా దొరికేలా చూశాడు. కార్తీకంలో వేళకాని వాన పడి తూర్పు గోడ నిలువునా కూలిపోయింది. పొద్దున్నే మేబెల్ వచ్చి చూసింది. అప్పటికే ఇద్దరాడవాళ్ళు కూలిన మట్టిని పారలతో ఒక పక్కకి లాగుతున్నారు. ఎవరూ ఆవిడ కోసం చూడలేదు, ఎవరి సలహా కోసం కూడా చూడలేదు. మేబెల్ గొడుగు చెట్టుకి తగిలించి, తనూ పార పట్టుకుంది.

ఇంకో చిక్కు ఉంది. మూడు, నాలుగు తరగతుల పిల్లలు పొద్దెక్కాక తోట పనికి పోయేవాళ్ళు. పది గంటలకి బడి పెడితే ఖాళీ బల్లలే. మేబెల్ బడి వేళ మార్చేసింది. తెల్లవారుతూనే మొదలుపెట్టి, పనివేళకి వదిలేసేది. దానికోసం తాను బొల్లారం వైపు వెళ్ళే తొలి బండి పట్టుకునేది.

వేసవి ముందు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. చురుకైన మనిషి. ఉర్దూలో మాట్లాడినా తెలుగు బాగానే తెలుసు. గోడలు తట్టి చూశాడు, తలుపు మూసి తెరిచాడు. పిల్లల్ని లెక్కలడిగాడు. సత్తెమ్మ భయపడుతూనే అన్నిటికీ జవాబు చెప్పింది. తర్వాత పనివేళ అయిందని పిల్లలు వెళ్ళిపోతుంటే ఆయన గడియారం చూసి ముఖం ముడిచాడు.

"అమ్మా, రూలు ప్రకారం బడి పది నుంచి నాలుగు దాకా ఉండాలి. మీరు పొద్దున్నే పెట్టి వదిలేస్తున్నారు. ఇలాగైతే నేనేమని రాయను?"

"పది నుంచి నాలుగు దాకా తలుపులు తెరిచే ఉంచుతాను సార్. బల్లలుంటాయి. పిల్లలుండరు. బల్లలకి గ్రాంటిస్తారా?"

ఆయన బయటికి వెళ్ళి నిలబడ్డాడు. తోటలో కలుపు తీస్తున్నవాళ్ళలో కొందరు ఇందాకటి పిల్లలే అని ఆయనకి కనిపించింది. లోపలికి వచ్చి, "సగం గ్రాంటుకి రాస్తాను, తాత్కాలికం. మిగతాది మీరు నిలబెట్టుకుంటే చూద్దాం," అన్నాడు.

తాత్కాలికమన్న ఆ సగం గ్రాంటు మీదే అల్వాల్ బడి నిలబడింది. రెండేళ్ళకి అయిదో తరగతి వచ్చింది. ఇంకొన్నాళ్ళకి పూర్తి గ్రాంటు వచ్చింది. సీమ సొమ్ము ఆగిపోయినా మారేడ్‌పల్లి సంఘం వాళ్ళు చందాలు పోగుచేసుకుని నిలదొక్కుకున్నారు. యాభై ఆరు మొదట్లో, బాగా ముసలివారైన జకర్యా గారు రిక్షా మాట్లాడుకుని అల్వాల్ వచ్చారు.

"సంఘానికి ఇప్పుడు చెయ్యి కాస్త ఆడుతోంది మేబెలమ్మా. సూపర్‌వైజరు పోస్టు మళ్ళీ పెడదామనుకున్నాం. మీరు రావాలి."

"ఆ జీతంతో పెద్ద బడిలో ఆరో తరగతి పెట్టండి," అంది మేబెల్ ఆలోచించుకోకుండానే. "ఇక్కడ అయిదు పాసైన పిల్లలు మళ్ళీ ఇళ్ళల్లో కూచుంటున్నారు. సత్తెమ్మ అయిదు పాసై రెండేళ్ళయింది, కలుపు తీస్తోంది."

"టీచరు కావాలి కదా. రోసమ్మలాంటి మనిషి ఎక్కడ దొరుకుతుంది?"

"రోసమ్మనే అడుగుతాను."

బాపట్లలో రోసమ్మ ఇప్పుడు హెడ్‌మిస్ట్రెస్. జుట్టు నెరిసింది, కళ్ళజోడు వచ్చింది. వాకిట్లో మేబెల్‌ని చూసి, "రా, కాళ్ళు కడుక్కో," అంది. గోంగూర, ఎండు చేపలు వండిపెట్టింది. మేబెల్ తిన్నంతసేపూ తను చూస్తూ కూచుంది. తిన్నాక అడిగింది. "ఎందుకొచ్చావు?"

మేబెల్ చెప్పింది. రోసమ్మ విసనకర్ర అందుకుని విసురుకోసాగింది.

"సుమిత్ర ఎలా ఉంది?"

"నిజామాబాద్‌లో ఉంది. ఇద్దరు పిల్లలు. కొట్టు లెక్కలన్నీ తనే చూస్తుందట."

"చూస్తుంది. చూడకేం." రోసమ్మ విసనకర్ర పక్కన పెట్టింది. "నేను రాను మేబెలూ. నీమీద కోపంతో కాదు. కోపం ఉంది, లేదనను. కానీ ఇది నా బడి, దీన్ని వదలను. మా దగ్గర ఎమిలీ అని ఒక పిల్ల ఉంది, నేను చదువు చెప్పిన పిల్లే. ఆల్జీబ్రా నాకంటే బాగా చెబుతుంది. దాన్ని పంపిస్తాను. ఒక్క మాట మీ కమిటీకి చెప్పు. రేపు మళ్ళీ డబ్బు తక్కువైతే ముందు ఈ ఆరో తరగతి మీద పడొద్దు."

"చెబుతాను."

"చెప్పడం కాదు. నిలబడు."

"నిలబడతాను," అంది మేబెల్.

ఆ జూన్‌లో మారేడ్‌పల్లి బడిలో ఆరో తరగతి మొదలైంది. ఎమిలీ సన్నగా, బెరుకుగా కనిపించేది కానీ, బోర్డు ముందు నిలబడితే వేరే మనిషే. అల్వాల్ నుంచి వచ్చినవాళ్ళలో సత్తెమ్మ ఒకతె. అందరికంటే పెద్దది, పొట్టి బల్లలో కాళ్ళు ఇరికించుకుని కూచుంది. తీసుకొచ్చింది పుష్పమ్మే. ఇంత దూరం రోజూ ఎలా పంపుతారని సంఘం ఆడవాళ్ళు అడిగితే ఆవిడ ఆశ్చర్యపోయింది.

"గిది దూరమా? మేం భువనగిరి కాడ్నించి పిల్లల్ని ఎత్తుకుని నడిచొచ్చినోళ్ళం," అంది.

మేబెల్ గుమ్మంలో నిలబడి ఎమిలీ మొదటి పాఠం కొంచెంసేపు విన్నది. ఒంటిగంట బండికి అల్వాల్ వెళ్ళిపోవాలి. కొత్తగా చేరిన ఒకటో తరగతి పిల్లలకి ఆ మధ్యాహ్నం పలకలు పంచుతానని మాటిచ్చింది. రిటైరయ్యేదాకా ఆవిడ అల్వాల్‌లోనే పనిచేసింది, ఒకటో తరగతి మరెవరికీ ఇవ్వలేదు.